జింక మౌంట్‌కి నోరు సహజంగా కుదరాలంటే
జింక తల మౌంట్ చేసేటప్పుడు, అంటే చనిపోయిన జింక తల తోలుని ఫోమ్ బొమ్మ మీద తొడిగి బతికున్నట్టు నిలిపేటప్పుడు, శ్రద్ధంతా కళ్ల మీదే పెడతాం, కానీ నోరు తేడాగా ఉంటే ముఖమంతా పాడవుతుంది. పెదవి లోపలి చర్మాన్ని మొదట్లోనే మొత్తం కోసేయకండి. ఓ అర సెంటీమీటరు ఉంచి, బాగా పలచన చేసి, జిగురు పూసి, ఫోమ్ బొమ్మలో చెక్కిన గాడిలోకి సన్నటి బద్దతో దోపండి. ఆరేకొద్దీ చర్మం ముడుచుకుని బయటికి జారుతుంది, అందుకే మొదటి వారం రోజూ చూసి మళ్లీ లోపలికి నొక్కాలి. నేను ఒకసారి రెండు రోజులు వదిలేస్తే నోటి మూల దగ్గర గోరు పట్టేంత సందు తేలింది! పూర్తిగా ఆరాక అలాంటి సందుని ఎపాక్సీ పుట్టీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే ముద్ద) నింపి, తడి బ్రష్‌తో నునుపు చేయండి. రంగు మాత్రం పలచటి పూతలుగానే వేయాలి. తడి మెరుపు ముక్కుకి చాలు, పెదవులకి అంత అక్కర్లేదు.