దవడ వాపు, తెరుచుకోని నోరు, మానని పుండు: కత్తి ఎప్పుడు అవసరం, ఎప్పుడు కాదు

నోటి జబ్బుకు నొప్పినే కొలతగా పెట్టుకోవడం మనవాళ్లకు అలవాటు. నొప్పి పుడితే మందుల షాపులో మాత్ర తెచ్చుకుంటారు, తగ్గితే జబ్బే పోయిందనుకుంటారు, నొప్పి లేనిదాన్ని అసలు లెక్కచేయరు. కడపలో పళ్ల వైద్యుడిగా నేను చూసే కేసుల్లో ఆలస్యమైనవన్నీ దాదాపు ఇలా ఆలస్యమైనవే.

చివరి పన్ను దగ్గర పోటు, నోరు సగమే తెరుచుకోవడం

పదిహేడు, పాతికేళ్ల మధ్య వయసువారైతే ముందుగా జ్ఞానదంతాన్ని అనుమానించాలి. దవడలో చోటు చాలక ఆ పన్ను పక్కకు వాలి, సగం పైకి వచ్చి ఆగిపోతుంది. మిగతా సగాన్ని కప్పిన చిగురు కింద అన్నం మెతుకులు చిక్కి కుళ్లి, అక్కడ చీము పడుతుంది. మొదటిసారి ఇలా జరిగితే చిగురు కింద సెలైన్‌తో శుభ్రంగా కడిగి, మందులిస్తే సరిపోవచ్చు. మళ్లీ మళ్లీ వస్తున్నా, పక్క పన్ను పుచ్చిపోతున్నా జ్ఞానదంతాన్ని తీయించుకోవాలి. దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయకుండా ఈ పనికి దిగకూడదు, ఎందుకంటే కింది పెదవికి స్పర్శనిచ్చే నరం కింది జ్ఞానదంతం వేళ్లకు చాలా దగ్గరగా పోతుంటుంది. మత్తు సూది ఇచ్చి, చిగురు కోసి, అవసరమైనంత ఎముక తొలగించి, పన్నును ముక్కలు చేసి తీసి కుట్లు వేస్తారు. అయితే నిటారుగా వచ్చి, బ్రష్ అందే జ్ఞానదంతాన్ని ఊరికే తీయించుకోనక్కర్లేదు.

పై పన్ను తీస్తే చూపు పోతుందన్న భయం మన ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. కంటి నరానికీ పంటి నరానికీ అలాంటి సంబంధం లేదు.

పన్ను తీసిన మూడో రోజు చెవి దాకా లాగే నొప్పి

మొదటి రెండు రోజులు తగ్గుముఖం పట్టిన నొప్పి మూడో రోజున తిరగబెడితే, పన్ను తీసిన గుంతలోని రక్తపు గడ్డ ఊడిపోయిందని అర్థం. టార్చి వేసి చూస్తే గుంత ఖాళీగా, అడుగున తెల్లటి ఎముక బయటపడి ఉంటుంది, దుర్వాసన వస్తుంది. బీడీ, సిగరెట్ తాగడం, గట్టిగా ఉమ్మడం, మొదటి రోజే పుక్కిలించడం దీనికి దారితీస్తాయి. యాంటీబయాటిక్ మార్చినంత మాత్రాన ఇది తగ్గదు. గుంతను కడిగి, లవంగ నూనె సారం కలిసిన మందు పెడితే కొద్ది గంటల్లోనే ఉపశమనం కలుగుతుంది.

రక్తం ఆగకపోతే తడిపిన గాజుగుడ్డను మడిచి గుంత మీద పెట్టుకుని అరగంట సేపు గట్టిగా కొరికి పట్టాలి. ఐదు నిమిషాలకోసారి తీసి చూసుకుంటే రక్తం గడ్డకట్టదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి పన్ను తీయకముందే చెప్పాలి, వాటిని సొంతంగా మానేయకూడదు. ఆ రోజంతా చల్లారిన రాగి అంబలి, పెరుగన్నం వంటివే తినాలి.

దవడ వాచి, జ్వరం రావడం

పుచ్చిన పంటి వేరు చివర చేరిన చీము బయటికి దారి వెతుక్కుంటోందన్నమాట. మాత్రలు దాన్ని అణచగలవే తప్ప ఖాళీ చేయలేవు. గాటు పెట్టి చీము తీయడం, ఆ తర్వాత పన్నుకు రూట్ కెనాల్ చేయడమో తీసేయడమో దీనికి మార్గం. బుగ్గకు వేడి కాపడం పెట్టకండి, పెడితే చీము చర్మం పగిలి బయటికి రావచ్చు. వాపు గడ్డం కిందికి పాకి, నాలుక పైకి లేచి, ఉమ్మి మింగడం కష్టమై, ఊపిరి బరువైతే తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి ఆ రాత్రికే కర్నూలు, అనంతపురం, కడపల్లో దగ్గరున్న ప్రభుత్వ పెద్దాసుపత్రికి చేరాలి. షుగర్ ఉన్నవారిలో ఈ వాపు మరింత వేగంగా ముదురుతుంది.

కారం తగిలితే మంట, రోజురోజుకీ మూసుకుపోయే నోరు

ఉగ్గానితో మిరపకాయ బజ్జీ తిని పెరిగినవారు కూడా పప్పులోని కారానికే విలవిలలాడుతుంటే, వక్కపొడి, గుట్కా అలవాటు ఉందేమో అడగాలి. వక్క వల్ల బుగ్గల లోపలి పొర తెల్లబడి, తాళ్లలా బిగుసుకుంటుంది. మూడు వేళ్లను ఒకదాని కింద ఒకటి నిలువుగా పేర్చి ముందు పళ్ల మధ్య పెట్టి చూడండి, అవి పట్టకపోతే పరీక్షకు రావలసిందే. అలవాటు మానకుండా ఏ వైద్యమూ పనిచేయదు. తొలిదశలో నోటి వ్యాయామాలు, ఇంజెక్షన్లు ఇస్తారు, బాగా బిగిస్తే ఆ తాళ్లను కోసి విడదీస్తారు. ఇది క్యాన్సర్‌గా మారే అవకాశం ఉంది గనుక ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాలి.

రెండు వారాలు దాటినా మానని పుండు నొప్పి లేకపోయినా ప్రమాదమే. మొనదేలిన పన్ను గీసుకుంటోందేమో ముందు చూసి, దాన్ని నున్నగా చేసినా మానకపోతే చిన్న ముక్క తీసి బయాప్సీకి, అంటే క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్షకు పంపాలి. కత్తి తగిలితే పుండు పాకుతుందన్న అపోహతో వెనకాడి కొందరు నెలలు పోగొట్టుకుంటారు. అనంతపురం వైపు ఫ్లోరైడ్ నీళ్లతో పళ్ల మీద పడే గోధుమ రంగు మచ్చల సంగతి వేరు, వాటి కోసం పన్ను తీయించుకునే పని లేదు.

బండి మీద నుంచి పడ్డాక పళ్లు కలవకపోవడం

నోరు మూసినప్పుడు పళ్లు మునుపటిలా కలవకపోయినా, కింది పెదవి మొద్దుబారినా దవడ విరిగి ఉండవచ్చు. తీగలతో పళ్లను కట్టి గానీ, టైటానియం ప్లేట్లు వేసి గానీ సరిచేస్తారు. ఊడిన శాశ్వత పన్నును వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకుని, పాలలో వేసి గంటలోపు తెస్తే తిరిగి నిలబెట్టే అవకాశం ఉంది.

ఆవలించి నోరు మూయలేకపోవడం

దవడ కీలు జారింది. భయపడి చేత్తో పైకి నెట్టకండి. వైద్యుడు బొటనవేళ్లకు గాజుగుడ్డ చుట్టుకుని, కింది చివరి పళ్ల మీద కిందికి నొక్కి వెనక్కి తోస్తే కీలు చోటికి వస్తుంది. ఆ తర్వాత కొన్ని వారాలు ఆవలింత వచ్చినప్పుడల్లా గడ్డం కింద పిడికిలి ఆనించుకోవాలి.