బెజవాడ, గుంటూరు చెరువుల్లో ఫ్లై ఫిషింగ్: శీలావతికీ బంగారుతీగకీ ఇలా వేయండి

ఫ్లై ఫిషింగ్ అంటే నిజం ఎర బదులు హుక్కుకి దారమో ఈకలో చుట్టి చేసిన ఉత్తుత్తి ఎరని (అదే ఫ్లై) లైను బరువుతో విసిరి చేపని పట్టడం. ఇది చల్లటి కొండవాగుల్లో ట్రౌట్ చేప కోసమే అనుకుంటారు గానీ మన చెరువు చేపలకి కూడా పనిచేస్తది, కాకపోతే ఇక్కడ దూరంగా విసరడం కన్నా ఏ చేప మేత మీదుందో కనిపెట్టడమే అసలు పని.

ఎక్కడంటే, కొల్లేరు అభయారణ్యం, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువేమో పక్షులది, ఆ రెండూ వదిలేయండి. కృష్ణ ఘాట్ల దగ్గర జనం ఉంటారు, లైను వెనక్కి విసిరితే ఎవరి చెవికో తగులుద్ది. ఊరి చెరువులు చాలావరకు సొసైటీకో పాటదారుకో ఇచ్చేసి ఉంటాయి కాబట్టి అడక్కుండా దిగొద్దు. నన్నడిగితే తెలిసిన రైతు చేపల చెరువే బెస్టు.

సామాను ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోండి. 9 అడుగుల రాడ్డు, 7 లేదా 8 వెయిట్ (ఎంత బరువు లైనుకి సరిపోద్దో చెప్పే నంబరు), నీటి మీద తేలే లైను, దాని చివర 9 అడుగుల లీడరు (కొసకి సన్నబడే దారం), దాని కొసన ఫ్లై కట్టడానికి 10 పౌండ్ల బరువు ఆపే సన్న దారం, టిప్పెట్ అంటారు. రీలు చవకది కొన్నా పర్లేదు గానీ డ్రాగ్, అంటే రీలు బ్రేకు, మాత్రం స్మూత్‌గా ఉండాలి, పెద్ద చేప ఒక్క పరుగు తీసిందంటే తెలుస్తది ఎందుకో. గట్టు మీద వెనకాల తుమ్మచెట్లుంటే రోల్ కాస్ట్ (లైను వెనక్కి విసరకుండా ముందుకే దొర్లించి వేయడం) నేర్చుకోండి, కరెంటు తీగలుంటే అసలు అక్కడ నిలబడొద్దు.

ఇక చేపలు. బొచ్చె పైనీటిలో ఉంటది గానీ సూక్ష్మజీవుల్ని వడకట్టుకు తింటది, దాని వెంట పడితే పొద్దు పోద్ది అంతే. శీలావతి మధ్యనీటిలో, మోసు అడుగున. బంగారుతీగ కూడా అడుగునే, బురద కెలుకుద్ది, మీసాలతో తడుముకుంటూ. మనకి కావాల్సింది ఇదే, ఎందుకంటే ఎక్కడుందో అదే చెప్పేస్తది: ఒకచోట నీళ్ళు మురిగ్గా లేస్తా సన్న బుడగలు వరసగా వస్తున్నాయంటే తల కిందికి పెట్టి తింటోందన్నమాట. ఫ్లై దాని నెత్తిన పడితే బెదిరిపోద్ది, మూడు నాలుగు అడుగులు అవతల వేసి, మెల్లగా దారిలోకి లాక్కొచ్చి, అడుక్కి దిగనివ్వండి. గోధుమరంగు వూలీ బగ్గర్ (తోక ఉన్న బొచ్చుపురుగులాంటి ఫ్లై), 8 నంబరు హుక్కు, చాలు.

శీలావతికి వేరే ఉపాయం ఉంది. మన వైపు తవుడూ చెక్కా కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి కర్రలకి కడతారు కదా, చేపలొచ్చి ఆ చిల్లుల దగ్గర పీల్చుకుంటాయి. కాబట్టి తవుడు రంగు ఉన్ని దారం చిన్న ఉండలా హుక్కుకి చుట్టి, సంచికి కాస్త అవతల వేసి, ఏం లాగకుండా దానంతటదే దిగనివ్వండి. పుస్తకాల్లో ఫ్లైలన్నీ పురుగుల్లా ఉంటాయి, మన చేపకి తెలిసింది తవుడు, అది పెట్టకుండా పురుగు పెడితే ఎలా తింటది?

ఒకటి గుర్తుంచుకోండి, తెల్లారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే మేతకి అనుకుంటారు, కాదు, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గింది, అప్పుడు ఫ్లై వేయడం మానేసి రైతుకి ఫోన్ చేయండి ఏరియేటర్లు వేస్తాడు. ఎండాకాలం అయితే తొమ్మిదింటికల్లా సర్దేసుకోవడమే, ఆ తర్వాత చేపకీ మనకీ ఇద్దరికీ ఓపిక ఉండదు.

గాలం అలవాటున్నోళ్ళు బెండు మునగ్గానే కర్ర పైకి లేపేస్తారు, ఇక్కడ బెండు ఉండదు, లైను కొస చూస్తా ఉండాలి. అది ఆగినా పక్కకి జరిగినా ఎడంచేత్తో లైను ఒక్కసారి గట్టిగా లాగి, బరువు తెలిశాకే రాడ్డు లేపండి. పరిగెడితే పోనివ్వండి, రీలుని అరచేత్తో బిగపట్టారంటే టిప్పెట్ తెగుద్ది. ఒడ్డుకొచ్చాక వలబుట్టలోకి తీసుకోండి, వదిలేసేదైతే చెయ్యి తడుపుకునే ముట్టుకోండి. ఇంటికి కావాలంటే మాత్రం చేప రైతుది కాబట్టి కాటా పెట్టించి డబ్బులిచ్చి తెచ్చుకోండి.