సింథ్ (సింథసైజర్) సర్క్యూట్‌లో చెప్పిన రెసిస్టర్ దొరకకపోతే ఏం చేయాలి?

విడిభాగాల లిస్టులో 91కె, అంటే 91 కిలో ఓమ్‌లు, అని ఉంటుంది. హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీలో అడిగితే "91 లేదండి, 100 ఉంది, ఇవ్వమంటారా?" అంటారు. తీసుకోవచ్చా? ఆ రెసిస్టర్ చేసే పని తెలిస్తే గానీ చెప్పలేం.

1. ముందు డయాగ్రమ్‌లో అది ఎక్కడుందో చూడండి. ఎల్‌ఈడీకి ముందుంటే టెన్షన్ అక్కర్లేదు. 4.7కె బదులు 3.3కె పెడితే వెలుగు కాస్త పెరుగుతుంది, అంతే. ఫిల్టర్‌లో అయితే, అది కోత మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. 10కె రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్ ఉన్నచోట 1.6 కిలోహెర్ట్జ్ వస్తే, 12కెతో 1.3 వస్తుంది. వినడానికి బాగుంటే ఉంచేయండి.

2. ఆప్-ఆంప్ (యాంప్లిఫయర్ చిప్) మిక్సర్‌లో ఇన్‌పుట్, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ల నిష్పత్తి ముఖ్యం. ఇన్‌పుట్‌లో 100కె, ఫీడ్‌బ్యాక్‌లో 100కె ఉంటే, రెండూ 82కె చేసినా గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందో అది) మారదు. ఫీడ్‌బ్యాక్ ఒక్కటే 82కె చేస్తే మాత్రం సౌండ్ తగ్గుతుంది.

3. శ్రుతిని నడిపించే చోట మాత్రం రాజీ పడకండి. ఒక వోల్టుకు ఒక స్థాయి (ఆక్టేవ్) చొప్పున శ్రుతి పెరిగే ఆసిలేటర్‌లో, అంటే స్వరాన్ని పుట్టించే సర్క్యూట్‌లో, రెండు ఇన్‌పుట్‌ల 100కెల మధ్య 1 శాతం తేడా ఉందనుకుందాం. ఐదు స్థాయిలు దాటేసరికి అది 0.05 వోల్టులవుతుంది, అంటే అర స్వరస్థానం కంటే ఎక్కువే. ట్రిమ్మర్‌తో (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్‌తో) ఒక ఇన్‌పుట్‌ను సరిచేస్తే రెండోది తప్పుతుంది. అందుకే ఒకే విలువవి ఓ ఇరవై కొని, మల్టీమీటర్‌తో కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని జత చేయండి. కొలిచేటప్పుడు రెండు కాళ్లనూ వేళ్లతో పట్టుకోకండి, మీ ఒంటి రెసిస్టెన్స్ కూడా కలిసి మీటరు తక్కువ చూపిస్తుంది. ఇక ఉష్ణోగ్రతను సరిదిద్దే టెంప్‌కో రెసిస్టర్ ఉన్నచోట మామూలుది పెడితే, గది వేడెక్కేకొద్దీ శ్రుతి జారిపోతూనే ఉంటుంది. దానికోసం ఆగడమే మంచిది.

4. పాత డయాగ్రమ్‌లు చాలావరకు ప్లస్, మైనస్ 15 వోల్టులకు గీసినవి. యూరోరాక్ అనే మాడ్యులర్ సింథ్ పద్ధతిలో ఉండేది ప్లస్, మైనస్ 12. సప్లై లైను నుంచి ఆఫ్‌సెట్ కరెంటు (సిగ్నల్‌ను పైకో కిందికో జరిపే స్థిరమైన కరెంటు) ఇచ్చే 150కెను 120కెగా మార్చండి, కరెంటు అదే 0.1 మిల్లీ ఆంపియర్ ఉంటుంది. సిగ్నల్ దారిలో ఉన్నవాటిని ముట్టుకోవద్దు.

5. ఇప్పుడు మన 91కె సంగతి. 82కె, 9.1కె సిరీస్‌లో (ఒకదాని వెనుక ఒకటి) కలిపితే 91.1 వస్తుంది. 9.1 కూడా లేదంటే 100కెకి 1 మెగాఓమ్ ప్యారలల్‌గా (పక్కపక్కనే, రెండు కాళ్లూ కలిపి) కట్టండి, 90.9 వస్తుంది. కాబట్టి ఆ 100 తీసుకోండి, ఒక మెగా కూడా అడగండి.

సోల్డర్ చేసే ముందు ప్రతిదాన్నీ కొలవండి. రెసిస్టర్ మీద రంగు పట్టీలు గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ అంటే 10కె. అదే పట్టీలను అటునుంచి చదివితే 120 ఓమ్‌లు! ఈ ఒక్క పొరపాటు వెతకడానికి నాకు ఓ సాయంత్రమంతా పట్టింది. మార్చిన విలువను డయాగ్రమ్ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకోండి.