కన్వెన్షన్ రాత్రి టీవీ ప్యానెల్ ఎటు మొగ్గిందో లెక్కగట్టడం ఎలా

అమెరికాలో రిపబ్లికన్, డెమోక్రటిక్ పార్టీల కన్వెన్షన్లు (అధ్యక్ష అభ్యర్థిని ఖరారు చేసే మహాసభలు) వచ్చాయంటే, ఫలానా చానెల్ ఒక పక్షానికి కొమ్ముకాస్తోందన్న మాట వినపడుతూనే ఉంటుంది. బల్లకు ఇటు ఇద్దరు, అటు ఇద్దరు కూర్చున్నంత మాత్రాన తూకం సరిపోయినట్టు కాదు. తలలు లెక్కపెట్టడం మానేసి, సెకన్లు లెక్కపెట్టాలి.

ముందు ఒక చానెల్, ఒక సమయం ఖాయం చేసుకోండి. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ చానెళ్లు కన్వెన్షన్‌కు ప్రధానంగా కేటాయించేది ఈస్టర్న్ టైమ్ ప్రకారం రాత్రి 10 నుంచి 11 దాకా, అంటే ఇండియాలో మర్నాడు ఉదయం 7:30 నుంచి 8:30. కానీ ఆ గంటలో ప్యానెల్‌కు దక్కేది తక్కువ. 2024 జూలై 17న మిల్వాకీలో, రిపబ్లికన్ కన్వెన్షన్‌లో, ఆంధ్ర మూలాలున్న ఉషా వాన్స్ పరిచయం చేయగానే ఆమె భర్త, ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్ ప్రసంగం అందుకున్నారు; మధ్యలో చర్చకు చోటే లేదు. అందుకే సీఎన్‌ఎన్, ఫాక్స్ న్యూస్ లాంటి కేబుల్ చానెళ్లు తీసుకుని, ప్రసంగాలకు ముందు గంట, తర్వాత గంట రికార్డు చేసుకోవడం మేలు. రెండు పార్టీల కన్వెన్షన్లకూ అదే చానెల్, అవే గంటలు ఉండాలి. ఒక్కదాన్నే చూసి తేల్చేస్తే ఆ లెక్క చెల్లదు.

ఎక్సెల్‌లో ఎవరైనా మాట్లాడిన ఒక్కో దఫాకు ఒక్కో వరుస పెట్టండి: పేరు, తెరమీద వేసిన హోదా, మాట మొదలైన క్షణం, ముగిసిన క్షణం, మధ్యలో ఎవరు అడ్డుపడ్డారు. క్యాప్షన్లు చూసి సమయం రాయొద్దు, అవి మాటకన్నా కొన్ని సెకన్లు వెనకబడతాయి. యాంకర్‌ను ఏ పక్షంలోనూ కలపకండి, విడిగా రాయండి.

అసలు చిక్కంతా ఎవరు ఏ పక్షమో రాసే పార్టీ కాలమ్ దగ్గరే. దాన్ని రెండుగా విడగొట్టాలి: ఒకటి ముద్ర, అంటే ఏ పార్టీ మనిషిగా పేరుందో; రెండోది తమ పార్టీ అభ్యర్థి పట్ల వైఖరి. సీఎన్‌ఎన్ వ్యాఖ్యాత అనా నవారో రిపబ్లికన్‌గా పేరున్న మనిషి. 2024 ఆగస్టులో షికాగోలో డెమోక్రాట్ల కన్వెన్షన్ రెండో రాత్రికి వేదికమీద హోస్ట్ ఆవిడే. ఆమెను రిపబ్లికన్ ఖాతాలో వేస్తే లెక్క తలకిందులవుతుంది. ఊహకోసం అంకెలు చూడండి: డెమోక్రాట్లు 9 నిమిషాలు, తమ అభ్యర్థిని సమర్థించే రిపబ్లికన్ 4, వ్యతిరేకించే రిపబ్లికన్ 5 నిమిషాలు మాట్లాడారనుకుందాం. ముద్ర ప్రకారం 9కి 9, చూడముచ్చటగా ఉంది. వైఖరి ప్రకారం 14కి 4. రెండు అంకెలూ పక్కపక్కనే ఇవ్వండి, ఒకటి దాచి ఒకటి చూపొద్దు.

మూడో కాలమ్ డబ్బు సంబంధాలకు. కోరీ లెవాండోస్కీ 2016 జూన్‌లో ట్రంప్ ప్రచార మేనేజర్ ఉద్యోగం పోయిన కొద్ది రోజులకే సీఎన్‌ఎన్‌లో వ్యాఖ్యాతగా చేరారు. ప్రచార బృందం నుంచి చెల్లింపులు అప్పటికీ ఆగలేదు. తెరమీది హోదాలో ఇలాంటివి సరిగా కనపడవు, మీరే వెతికి రాసుకోవాలి.

చట్టం అడ్డుకోదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఒక అభ్యర్థికి ఇచ్చినంత సమయం ప్రత్యర్థికీ ఇవ్వాలనే సమాన సమయం నిబంధన అభ్యర్థులకు మాత్రమే. పైగా కన్వెన్షన్ల ప్రత్యక్ష వార్తా ప్రసారాన్ని 1959 సవరణ మినహాయించింది. వివాదాస్పద అంశాల్లో భిన్న వాదనలకూ చోటివ్వాలన్న ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ను 1987లోనే ఎత్తేశారు. ప్యానెల్ కూర్పు పూర్తిగా చానెల్ ఇష్టం.

వైఖరి గుర్తించే పని ఒక్కరే చేస్తే సొంత అభిమానం దూరిపోతుంది. వేరే పార్టీవైపు మొగ్గే మరొకరిని కూర్చోబెట్టి, ఒకే 20 నిమిషాల ముక్కను విడివిడిగా గుర్తించండి. పదింటిలో రెండు మూడు చోట్ల తేడా వస్తే మీ నిర్వచనాలు వదులుగా ఉన్నట్టే. వాటిని బిగించి మళ్లీ మొదలుపెట్టండి.

చివరగా, వేదికమీద ప్రసంగం సాగుతుండగానే చానెల్ దాన్ని పక్కనపెట్టి ప్యానెల్‌కు మళ్లిన నిమిషాలను వేరే షీటులో రాయండి. సీ-స్పాన్ అనే అమెరికన్ చానెల్ మొత్తం కార్యక్రమాన్ని వ్యాఖ్యానం లేకుండా చూపిస్తుంది కాబట్టి, ఎవరి ప్రసంగం కోతపడిందో దానితో పోల్చి పట్టుకోవచ్చు.