ఎంత ముక్కినా మోషన్ కావట్లేదా? బయోఫీడ్‌బ్యాక్ థెరపీ ఎలా చేయించుకోవాలి

అరగంట టాయిలెట్‌లో కూర్చుంటారు. ముక్కీ ముక్కీ చెమటలు పడతాయి. కాస్త వస్తుంది, మిగతాది లోపలే ఉండిపోయినట్టు ఉంటుంది. పీచు పెంచారు, నీళ్లు పెంచారు, విరేచనాల మందులు మార్చి మార్చి వాడారు. మందు వేసుకున్న రోజు నీళ్లలా పోతుంది, మానేస్తే మళ్లీ మొదటికే. నెలల తరబడి ఇదే వరస అయితే, ఇబ్బంది మలం గట్టిపడటంలో కాకుండా అది బయటికి వచ్చే దారిలో ఉందేమో చూడాలి.

పొత్తికడుపు అడుగున పెల్విక్ ఫ్లోర్ కండరాలు ఉంటాయి. వాటిలో ఒకటి పురీషనాళాన్ని వెనక నుంచి వడిసెలలా చుట్టి ముందుకు లాగి పట్టుకుంటుంది. ఆ వంపు వల్లే మనం మోషన్‌ని ఆపుకోగలుగుతాం. టాయిలెట్‌లో కూర్చున్నప్పుడు ఆ కండరం, దాంతోపాటు మలద్వారం చుట్టూ ఉండే కండరం వదులవ్వాలి. అప్పుడే వంపు పోయి దారి తిన్నగా అవుతుంది. కొందరిలో ఇది తిరగబడుతుంది: ముక్కిన మరుక్షణం ఆ కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. అంటే పైనుంచి తోస్తూ కింద తలుపు వాళ్లే మూసేస్తున్నారన్నమాట, తెలియకుండానే. వైద్యులు దీన్ని డిస్‌సినర్జియా అంటారు. ఎంతకీ తగ్గని మలబద్ధకంతో స్పెషలిస్టుల దగ్గరికి వచ్చేవాళ్లలో దాదాపు మూడోవంతు మందిలో ఇదే కనబడుతుంది.

ఇది అలవాటు తప్పిన కండరం. దానికి మళ్లీ నేర్పించాలి. కండరం ఏం చేస్తోందో తెర మీద చూపిస్తూ నేర్పించే ఆ పద్ధతే బయోఫీడ్‌బ్యాక్.

1. ముందు ఇదేనని తేల్చుకోండి

లక్షణాలు చూసి మీరే తేల్చేసుకోవద్దు. గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ (జీర్ణకోశ వ్యాధుల డాక్టర్) దగ్గరికి వెళ్లండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండటం... వీటిలో ఏది ఉన్నా మొదటి మాటగా అదే చెప్పండి, వాటికి సంబంధించిన పరీక్షలు ముందు జరగాలి. వాడుతున్న మందులన్నీ చూపించండి. ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మందులు కూడా మలబద్ధకం తెస్తాయి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా అంతే.

డాక్టర్ గ్లౌజు వేసుకుని వేలితో చేసే పరీక్షలోనే చాలా సంగతి తెలుస్తుంది. వేలు లోపల ఉండగా ముక్కమంటారు. కండరం వదులవుతోందా, వేలిని నొక్కేస్తోందా అని చూస్తారు. అనుమానం ఉంటే రెండు పరీక్షలు రాస్తారు. మేనోమెట్రీలో సన్నటి గొట్టంతో లోపలి ఒత్తిళ్లు కొలుస్తారు. రెండోది బెలూన్ పరీక్ష. చిన్న బెలూన్‌ని లోపల పెట్టి 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపి, టాయిలెట్‌లో కూర్చుని బయటికి తొయ్యమంటారు. మామూలుగా నిమిషంలోపే వచ్చేస్తుంది. రాకపోతే దారిలో అడ్డు ఉన్నట్టే. ఈ రెండూ ఒకే మాట చెబితే అప్పుడు బయోఫీడ్‌బ్యాక్ గురించి మాట్లాడొచ్చు. పేగు కదలికే మందగించి, కింది కండరాలు బాగానే పనిచేసేవాళ్లకు ఈ థెరపీ పెద్దగా పనికిరాదు. పరీక్షలు వద్దనుకుని నేరుగా థెరపీకి వెళ్తే డబ్బూ రోజులూ వృథా అయ్యేది ఇందుకే.

2. సరైన థెరపిస్టును వెతకండి

ఇది చేసేది సాధారణంగా పెల్విక్ ఫ్లోర్‌లో శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్ట్ లేదా నర్సు. ఫోన్ చేసినప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: "మలబద్ధకానికి చేస్తారా, లేక మూత్రం ఆగకపోవడానికి మాత్రమేనా?" రెండోది మాత్రమే చేసే చోట కండరాన్ని బిగించడం నేర్పిస్తారు. మీకు కావాల్సింది వదలడం. ఇంటర్నెట్‌లో చూసి కీగెల్ వ్యాయామాలు (పెల్విక్ ఫ్లోర్ కండరాల్ని బిగించి వదిలేవి) మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. అసలే బిగుసుకుపోయే కండరాన్ని రోజూ బిగించడం ప్రాక్టీస్ చేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

3. వెళ్లే ముందు

రెండు వారాలపాటు ఒక చిన్న పుస్తకంలో రాయండి: ఏ రోజు మోషన్ అయింది, ఎంతసేపు ముక్కారు, పూర్తిగా అయినట్టు అనిపించిందా, ఏ మందు వేసుకున్నారు. లేటెక్స్ రబ్బరు పడకపోయినా, గర్భంతో ఉన్నా, మలద్వారం దగ్గర పగుళ్లు లేదా ఈమధ్య ఆపరేషన్ ఉన్నా ముందే చెప్పండి. కొన్నిచోట్ల చిన్న ఎనిమా చేసుకుని రమ్మంటారు.

ఇక సిగ్గు సంగతి. ఆ గదిలో థెరపిస్టుకు ఇది రోజువారీ పని. కావాలంటే ఆడ థెరపిస్టును గానీ మగ థెరపిస్టును గానీ అడగొచ్చు, తోడుగా ఒకరిని లోపలికి తీసుకెళ్లొచ్చు. మీ ఒంటిని దుప్పటితో కప్పి ఉంచుతారు.

4. సెషన్‌లో ఏం జరుగుతుంది

ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు మడుచుకుని పడుకోమంటారు. కండరం బిగువును కొలిచే సన్నటి కడ్డీలాంటి ప్రోబ్‌ని జెల్ రాసి లోపల పెడతారు. కొన్ని యంత్రాలకైతే మలద్వారం పక్కన చర్మానికి స్టిక్కర్లు అంటిస్తే చాలు. ఎదురుగా తెర మీద రెండు గీతలు కదులుతుంటాయి. ఒకటి తోసే ఒత్తిడిది, రెండోది మలద్వారం కండరానిది.

"గ్యాస్ రాకుండా ఆపుకున్నట్టు బిగించండి" అంటారు. రెండో గీత పైకి లేస్తుంది. "వదిలేయండి" అనగానే దిగుతుంది. ఇంతవరకు అందరూ చేస్తారు. తర్వాత "ఇప్పుడు మోషన్‌కి ముక్కినట్టు ముక్కండి" అంటారు. మొదటి గీత లేవాలి, రెండోది దిగాలి. మీ తెర మీద రెండూ కలిసి లేస్తాయి. వదులుతున్నాననే మీరు అనుకుంటారు, గీత మాత్రం పైకే పోతుంది. ఇన్నాళ్లూ ఏం జరుగుతోందో కళ్లారా కనిపించేది అప్పుడే. ఈ థెరపీ బలమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. "రిలాక్స్ అవ్వండి" అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా కండరానికి అర్థం కాదు, గీత చూపిస్తే అర్థమవుతుంది.

అక్కడి నుంచి ఊపిరితో మొదలుపెడతారు. ముక్కుతో గాలి పీల్చుకుంటూ పొట్టను ముందుకూ పక్కలకూ ఉబ్బించాలి. నోరు కాస్త తెరిచి మెల్లగా "హా..." అంటూ గాలి వదులుతూ, పొట్టను లోపలికి లాక్కోకుండా కిందికి నెట్టాలి. పళ్లు బిగిస్తే, ఊపిరి బిగబడితే కింద కూడా బిగుస్తుంది. ముక్కే బలం పదికి ఐదారు పాళ్లు చాలు. మొదటిసారి గీత ఒక చిన్న మెట్టు దిగితే థెరపిస్టు "ఆగండి, ఇప్పుడు ఏం చేశారో గుర్తుపెట్టుకోండి" అంటారు. ఆ కదలికనే మళ్లీ మళ్లీ చేయిస్తారు. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, చివరికి తెర చూడకుండా.

తర్వాత నీళ్లు లేదా గాలి నింపిన బెలూన్‌ని తోయించి చూస్తారు. మొదట్లో థెరపిస్టు మెల్లగా లాగుతూ సాయం చేస్తారు. మోషన్ వస్తున్నట్టు తెలియనివాళ్లకు బెలూన్ పరిమాణాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, తక్కువ నిండినా గుర్తుపట్టేలా అలవాటు చేస్తారు.

5. ఇంట్లో రోజూ

సెషన్‌లో నేర్చుకున్నది ఇంట్లో చేయకపోతే నిలవదు. నిద్ర లేచాక ఒకసారి, భోజనమైన అరగంటకు ఒకసారి టాయిలెట్‌లో కూర్చోండి. తిన్న తర్వాత పేగు తనంతట తానే కదులుతుంది, దాన్ని వాడుకోవాలి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట పెట్టుకోండి, మోకాళ్లు తుంటి కంటే ఎత్తుగా రావాలి. ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించండి. పొట్ట ఉబ్బించి, "హా" అంటూ నెట్టి, వదిలేయండి. ఐదు నిమిషాల్లో రాకపోతే లేచిపోండి. ఫోన్ బయటే ఉంచండి. మధ్యలో వచ్చినట్టు అనిపిస్తే మాత్రం వాయిదా వేయొద్దు.

6. ఎన్నాళ్లు పడుతుంది

మామూలుగా వారం రెండు వారాలకొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు సెషన్లు, ఒక్కోటి ముప్పావుగంట నుంచి గంట. ఈ ఇబ్బంది ఉన్న 109 మందిపై జరిగి 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, ఆరు నెలల తర్వాత బయోఫీడ్‌బ్యాక్ తీసుకున్నవాళ్లలో 80 శాతం మందికి బాగా తగ్గింది. విరేచనాల మందు మీద ఉన్నవాళ్లలో 22 శాతం మందికే తగ్గింది.

మొదటి రెండు సెషన్ల తర్వాత తేడా తెలియకపోతే టెన్షన్ పడొద్దు. వాడుతున్న మందును ఒక్కసారిగా ఆపకండి, మోషన్ తేలికవుతున్న కొద్దీ డాక్టర్ని అడిగి తగ్గించండి. ఆరు సెషన్లయినా మార్పు లేదంటే బెలూన్ పరీక్ష మళ్లీ చేయించండి. ఈసారి బెలూన్ సులువుగా వచ్చేసి, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటే, పేగు జారడం లాంటి వేరే అడ్డు ఉందేమో మోషన్‌కి ముక్కుతుండగా ఎక్స్‌రేతో గానీ ఎమ్మారైతో గానీ తీసే డెఫికోగ్రఫీలో చూస్తారు.