అటక దించే ముందు, పోయే దారి చూసుకోండి

బెంగళూరు ఫ్లాట్లలో సామాను పేరుకునేది ఎక్కువగా వంటింటి పైన, బాత్రూం పైన ఉండే అటకల మీదే. ఆదివారం హుషారుగా అంతా దించేసి, చీకటి పడేసరికి దిక్కుతోచక మళ్లీ పైకెక్కించేవాళ్లే ఎక్కువ. ఏది ఎక్కడికి పోవాలో ముందే తేల్చుకోకపోతే జరిగేదదే. మీ వీధికి పొడి చెత్త బండి ఏ రోజు వస్తుందో, ఇక్కడివాళ్లు గుజరీ అనే పాత సామాన్ల కొట్టు ఎప్పుడు తెరుస్తారో కనుక్కోండి. దానికి ముందు రోజు పని పెట్టుకోండి.

పూటకు ఒక్క అటక చాలు. నేలమీద పాత దుప్పటి, మూడు గోనె సంచులు, ముక్కుకు గుడ్డ, నిచ్చెన పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ముందు ఖాళీ అట్టపెట్టెలు దించండి. వారంటీ కోసమని మిక్సీ పెట్టె దాస్తారు గానీ, మామూలుగా అడిగేది బిల్లే. పైగా ఆ అట్ట మడతల్లోనే బొద్దింకలు గుడ్లు పెడతాయి. పెట్టెల్ని చదును చేసి తాడుతో కట్టండి. థర్మాకోల్ పొడి చెత్తలోకి పోతుంది.

గుజరీకి వేసేవాటిని కలపొద్దు. న్యూస్‌పేపర్లు వేరు, అట్టలు వేరు, ఇనుము వేరు. ఇత్తడి బిందె, రాగి చెంబు, అల్యూమినియం గిన్నెలు దేనికది విడిగా కట్టండి; అన్నీ ఒకే సంచిలో పోస్తే ఇనుము రేటే కడతారు. కాటా మీద అనుమానముంటే సీలు తీయని 5 కేజీల బియ్యం సంచి పెట్టించి చూడండి. అడగడానికి మొహమాటపడొద్దు.

పట్టుచీరల దగ్గర తొందరపడకూడదు. పాత చీరలకు స్టీలు సామాన్లిస్తామని వీధిలోకి వచ్చేవాళ్లకు జరీ చీర ఇవ్వొద్దు. అసలు జరీలో ఉండేది వెండి. అంచునుంచి ఒక పోగు లాగి గోటితో గీకండి: లోపల ఎర్ర దారం కనిపిస్తే అసలు జరీ అయ్యే అవకాశం ఎక్కువ, తెల్ల దారమైతే చాలావరకు నకిలీ. పాత జరీ కొనే కొట్టులో పరీక్ష చేయించాకే ధర మాట్లాడండి. మెత్తబడిన నూలు చీరలుంటే నాలుగైదు కలిపి బొంత కుట్టించుకోవచ్చు. దూది పరుపును ఏకించి మళ్లీ కుట్టించవచ్చు. ఫోమ్ పరుపుకు ఆ యోగం లేదు.

పాత ఫోన్లో సిమ్, మెమరీ కార్డు తీసేయండి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే రీసెట్ చేసే ముందు గూగుల్ ఖాతా తొలగించండి; లేకపోతే ఫోన్ లాక్ అయిపోయి తీసుకున్నవాళ్లకు పనికిరాకపోవచ్చు. బ్యాటరీ ఉబ్బితే గుచ్చొద్దు, నొక్కొద్దు, పొడి చెత్తలో అసలే వేయొద్దు. బండిలో నలిగితే నిప్పంటుకోవచ్చు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. ఇన్వర్టర్ బ్యాటరీని కొత్తది కొనేటప్పుడు అంగడివాళ్లే ధర తగ్గించి తీసుకుంటారు. బడి పుస్తకాలకు, పాత పుస్తకాల కొట్లుండే అవెన్యూ రోడ్డు ఉండనే ఉంది, సిలబస్ మారకముందే తీసుకెళ్లండి.

భోగి మంటల్లో వేద్దామని లామినేట్ అతికించిన ప్లైవుడ్ బల్లలు దాచకండి. ఆ పొగ ఒంటికి మంచిది కాదు.

ఇక అటకకు అసలు శత్రువు “ఊరికి పంపిద్దాం” అనే మాట. అనంతపురంలో అత్తయ్యకు ఆ కుక్కరు నిజంగా కావాలా? ఫోటో పంపి ఫోన్లోనే అడగండి. కావాలంటే సంచి మీద పేరు, వెళ్లే తేదీ రాసి తలుపు దగ్గర పెట్టండి. ఆ ప్రయాణంలో పోకపోతే గుజరీకే. పనమ్మాయికి ఇచ్చే మిక్సీని ముందు ఆమె ఎదుటే వేసి చూపించండి. చెడిపోయింది ఇస్తే పారేసే శ్రమ ఆమె నెత్తిన వేసినట్టే.

మూతి కట్టిన సంచి ఆ రాత్రే గుమ్మం దాటి కారు డిక్కీలోకి పోవాలి. తెల్లారేదాకా హాల్లో ఉంటే పెద్దవాళ్లు విప్పి చూస్తారు, సగం వెనక్కొస్తుంది.