ఇంట్లో పిల్లల్ని చూసుకుంటున్నారా? నెల ఫీజు మొహమాటం లేకుండా ఎలా రాబట్టుకోవాలి?

మా భీమవరం వైపు ఇళ్ళలో పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళకు అల్లరి కన్నా పెద్ద టెన్షన్ ఫీజు అడగడం. సాయంత్రం తల్లి స్కూటీ ఆపి, బిడ్డను ఎత్తుకుని, "రేపు పక్కా ఇచ్చేస్తానండి పిన్నిగారూ" అంటుంది. మనం "పర్లేదమ్మా" అనేస్తాం. ఇబ్బంది ఆ మాటతోనే మొదలవుతుంది.

1. చేర్చుకునే రోజే తేల్చుకోండి. బిడ్డ మనకు మాలిమి అయ్యాక గట్టిగా మాట్లాడలేం. ఒక తెల్లకాగితం మీద రాయండి: నెలకు ఎంత, ఏ తేదీలోపు, ఎన్నింటికి తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే ఎంత, మానేసేముందు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి. ఇద్దరూ సంతకం పెట్టి వాట్సాప్‌లో ఫొటో పంపుకోండి.

2. ఫీజు ముందే తీసుకోండి. పాలు, కూరలు, గ్యాస్ మనం ముందే కొంటాం కదా. తేదీ మాత్రం వాళ్ళ చేతికి డబ్బు వచ్చే రోజును బట్టి పెట్టండి. టీచరమ్మకు 5వ తేదీ సరిపోతుంది. రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళే అమ్మాయికి వారం వారం కూలి వస్తుంటే మీరూ వారానికే తీసుకోండి. రొయ్యల చెరువులున్నవాళ్ళు "పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక ఒకేసారి ఇస్తాం" అంటారు. ఒప్పుకోకండి. రొయ్యలకు వైట్ స్పాట్ తెగులు వచ్చినా, రేటు పడిపోయినా ఆ నష్టంలో మన డబ్బూ పోతుంది.

3. సెలవుల సంగతి రాసుకోండి. భోగి నుంచి కనుమ దాకా మూసేస్తే ఫీజు తగ్గదని ముందే చెప్పండి. బిడ్డను పది రోజులు అమ్మమ్మగారింటికి పంపినా అంతే, ఆ చోటు మీరు ఇంకొకరికి ఇవ్వలేదు కదా. గోదావరికి వరదొచ్చి లంక గ్రామాల నుంచి రాలేకపోయిన రోజులు మాత్రం నేను లెక్కలోంచి తీసేస్తాను.

4. కాయలు వేరు, ఫీజు వేరు. ఒకావిడ రెండు నెలలు బాకీ పడింది. మధ్యలో పెరటి కొబ్బరికాయలు, ఒకసారి చక్కెరకేళి గెల పంపింది. ఆ గెల వరండాలో వేలాడుతున్నన్నాళ్ళూ ఫీజు మాట నా నోటికి రాలేదు. తర్వాత వాళ్ళు రావడమే మానేశారు, 8,000 రూపాయలు పోయాయి. ఇప్పుడు ఎవరేం తెచ్చినా ప్రేమగా తీసుకుంటాను, "ఫీజు మాత్రం 5లోపేనమ్మా" అని అప్పుడే అనేస్తాను.

5. గడువు దాటిన మర్నాడే అడగండి. మెసేజ్ ఇలా చాలు: "అమ్మా, ఈ నెల 4,000 ఇంకా రాలేదు. రేపు సాయంత్రంలోపు ఫోన్‌పే చేయండి." "ఏమీ అనుకోకండి" అని కలపకండి. గేటు దగ్గర బిడ్డ ముందు అడగొద్దు, నాలుగేళ్ళ పిల్లలకు అన్నీ అర్థమవుతాయి. బాకీ ఉందని బిడ్డ పాలల్లో, అన్నంలో తేడా రానివ్వొద్దు.

6. పది రోజులు దాటితే కూర్చుని మాట్లాడండి. నిజంగా ఇబ్బందుల్లో ఉంటే రెండు వాయిదాలు చేసి, తేదీలు పుస్తకంలో రాయండి. అప్పటికీ రాకపోతే "సోమవారం నుంచి చూడలేనమ్మా" అని గురువారమే చెప్పేయండి, వాళ్ళకు ఇంకో ఏర్పాటు చేసుకునే టైము ఉంటుంది. అయినా సోమవారం బిడ్డను తీసుకొస్తారు. బిడ్డ మీవైపు చేతులు చాపుతుంది. అది చాలా కష్టంగా ఉంటుంది. ఎత్తుకోండి, ముద్దు పెట్టుకోండి, మళ్ళీ తల్లి చేతికే ఇచ్చేయండి.